కంప్యూటర్ గడియారం తప్పితే: ముందు జోన్, ఆ తర్వాతే టైమ్

కంప్యూటర్‌లో టైమ్ తప్పు కనిపించగానే చాలామంది నేరుగా గంటలూ నిమిషాలూ మార్చేస్తారు. కాసేపు బాగానే ఉంటుంది. మర్నాడు పొద్దున షాపు తెరిచి చూస్తే మళ్లీ మొదటికే. సరిచెయ్యాల్సింది ఒకచోట, చేసింది ఇంకోచోట కాబట్టి అలా అవుతుంది. అందుకని దేన్నీ ముట్టుకోకముందే ఫోన్ పక్కన పెట్టుకుని, ఫోన్ టైమ్‌కీ కంప్యూటర్ టైమ్‌కీ ఎంత తేడా ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. తేదీ, నెల, సంవత్సరం కూడా చూడండి. ఆ తేడా ఎంతో తెలిస్తే జబ్బు ఎక్కడుందో దాదాపు తెలిసిపోయినట్టే.

కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ లోపల లెక్కంతా యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో నడుస్తుంది. అది ప్రపంచం మొత్తానికీ ఒకటే. టైమ్ జోన్ చేసే పనల్లా దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపి తెర మీద చూపించడమే. జోన్ తప్పుగా ఉన్నప్పుడు మీరు చేత్తో టైమ్ మారిస్తే తెర మీద అంకె సరిపోతుంది గానీ, లోపలి యూటీసీ గంటల కొద్దీ పక్కకు జరిగిపోతుంది. మీరు పంపిన మెయిల్ అవతలివాళ్లకు రాబోయే టైమ్‌తో చేరుతుంది. ఫైళ్ల మీద తేదీలు కలగాపులగం అవుతాయి. ఆ తర్వాత ఇంటర్నెట్ నుంచి అసలు టైమ్ రాగానే యూటీసీ సర్దుకుంటుంది, తెర మీద మళ్లీ పాత తప్పే కనిపిస్తుంది. "నిన్ననే సరిచేశాను, ఇవాళ మళ్లీ తప్పింది" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే.

తేడాను బట్టి కారణం

విండోస్‌లో టైమ్ సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వెనకబడి ఉంటే జోన్ యూటీసీలో ఉండిపోయింది, లేదా అదే మెషిన్‌లో లినక్స్ కూడా ఉంది (దాని సంగతి కింద వస్తుంది).

13 గంటల 30 నిమిషాలు వెనక ఉంటే అమెరికా పసిఫిక్ టైమ్. విండోస్ కొత్తగా ఎక్కించినప్పుడు జోన్ ఎంచుకోకుండా వదిలేస్తే చాలాసార్లు ఇదే మిగులుతుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరుపుకుంటారు కాబట్టి ఆ నెలల్లో ఇదే తేడా 12 గంటల 30 నిమిషాలుగా కనిపిస్తుంది.

సరిగ్గా 12 గంటలైతే జోన్ బాగానే ఉంది, ఎవరో ఏఎం, పీఎం తారుమారు చేశారు.

అరగంట ముందుంటే ఢాకా జోన్, అరగంట వెనక ఉంటే ఇస్లామాబాద్ జోన్, పావుగంట ముందుంటే ఖాట్మండు. జాబితాలో ఇవన్నీ మన జోన్‌కు పైనా కిందా ఆనుకుని ఉంటాయి, మౌస్ కాస్త జారితే చాలు. రెండున్నర గంటలు ముందుంటే చైనా టైమ్. కంప్యూటర్లలో ఇది అరుదు, సీసీటీవీ డీవీఆర్‌లలో (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టెల్లో) మాత్రం తరచూ కనిపిస్తుంది.

తేడా ఒకటి రెండు నిమిషాలే అయితే జోన్ జోలికి పోకండి. ఇంటర్నెట్ టైమ్ అందడం లేదు, అంతే. ఏళ్ల కొద్దీ వెనక్కి పోతే మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు) మీది బ్యాటరీ సెల్ అయిపోయింది.

విండోస్ 11, విండోస్ 10

కింద కుడిమూల గడియారం మీద రైట్ క్లిక్ చేసి 'అడ్జస్ట్ డేట్ అండ్ టైమ్' ఎంచుకోండి. అది కనపడకపోతే సెట్టింగ్స్‌లో 'టైమ్ అండ్ లాంగ్వేజ్', అందులో 'డేట్ అండ్ టైమ్'.

మొదట 'సెట్ టైమ్ జోన్ ఆటోమేటిక్‌లీ' అనే మీటను ఆఫ్ చెయ్యండి. ఊళ్లు తిరిగే ల్యాప్‌టాప్‌కు ఆ మీట ఉపయోగమే. తిరుపతి గాంధీ రోడ్డులోని బిల్లింగ్ కౌంటర్ మీదో, చిత్తూరులో ఇంటి మూలనో కదలకుండా ఉండే డెస్క్‌టాప్‌కు దాంతో పని లేదు. అది లొకేషన్‌ను బట్టి జోన్ నిర్ణయిస్తుంది. కంపెనీ వీపీఎన్ పెట్టుకుని ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఒక్కోసారి ఆ లొకేషన్ వేరే దేశంలో తేలుతుంది, క్యాలెండర్‌లో మీటింగులన్నీ అర్ధరాత్రికి మారిపోతాయి.

ఇప్పుడు 'టైమ్ జోన్' జాబితా తెరిచి '(యూటీసీ+05:30) చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ' అన్న వరసను ఎంచుకోండి. తిరుపతి, విజయవాడ, హైదరాబాద్ పేర్లు జాబితాలో ఉండవు, వెతకొద్దు. మొదటి పేరు చెన్నైదే కాబట్టి మనకు గుర్తుపెట్టుకోవడం తేలిక. అక్కడే ఇంకో +05:30 కూడా కనిపిస్తుంది, శ్రీ జయవర్ధనెపుర అని. అది శ్రీలంకది. ఇవాళ రెండూ ఒకే టైమ్ చూపిస్తాయి గానీ, రేపు ఆ దేశం తన టైమ్ మార్చుకుంటే మీ కంప్యూటర్ కూడా మారిపోతుంది. చెన్నై ఉన్నదే తీసుకోండి. దాని కింద 'డేలైట్ సేవింగ్' మీట బూడిదరంగులో, నొక్కినా కదలకుండా ఉంటుంది. మనకు ఆ పద్ధతి లేదు కాబట్టి అలా ఉండటమే సరైనది.

తర్వాత 'సెట్ టైమ్ ఆటోమేటిక్‌లీ' ఆన్ చేసి, కిందికి జరిపి 'సింక్ నౌ' నొక్కండి. ఆ బటన్ పక్కనే చివరిసారి ఎప్పుడు సింక్ అయిందో (ఇంటర్నెట్ టైమ్‌తో సరిపోయిందో) తేదీ, టైమ్ రాసి ఉంటుంది. చూడాల్సింది ఆ వరస. బటన్ నొక్కగానే టిక్ వచ్చి, ఆ వరసలో ఇప్పటి టైమ్ పడితే పని అయిపోయినట్టు. నెలల కిందటి తేదీయే ఉండిపోతే సింక్ జరగలేదు.

జోన్ మార్చడానికి మామూలు యూజర్ అకౌంట్ సరిపోతుంది. టైమ్ మార్చాలంటే మాత్రం అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలి. బిల్లింగ్ కౌంటర్ మీద కూర్చునేవాళ్లకు మామూలు అకౌంటే ఇవ్వండి. బిల్లు తేదీలు వెనక్కి జరిపే దారి అక్కడే మూసుకుపోతుంది.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి టైమ్ కోసం జోన్ మార్చి చూసుకోవడం, తిరిగి మార్చడం మర్చిపోవడం మామూలే. దానికి వేరే ఏర్పాటు ఉంది. 'యాడ్ క్లాక్స్ ఫర్ డిఫరెంట్ టైమ్ జోన్స్' అన్నచోట ఇంకో రెండు గడియారాలు పెట్టుకోవచ్చు. మౌస్ మన గడియారం మీదికి తీసుకెళితే మూడూ కనిపిస్తాయి. డాలస్, షికాగోలకు సెంట్రల్ టైమ్, న్యూజెర్సీకి ఈస్టర్న్ టైమ్ ఎంచుకుంటే వేసవి గంట మార్పు కూడా అదే చూసుకుంటుంది.

పాత షాపుల్లో ఇంకా విండోస్ 7 నడుస్తోంది. అందులో గడియారం మీద నొక్కి 'చేంజ్ డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్', అక్కడ 'చేంజ్ టైమ్ జోన్'. సింక్ కోసం 'ఇంటర్నెట్ టైమ్' ట్యాబ్, 'చేంజ్ సెట్టింగ్స్', 'అప్‌డేట్ నౌ'. ఆ విండోస్ మామూలుగా వారానికొకసారే టైమ్ తెచ్చుకుంటుంది, మధ్యలో కొన్ని సెకన్లు తప్పడం సహజం.

సింక్ కాకపోతే

మొదటి అనుమానం తేదీ మీద. తేడా 15 గంటలు దాటితే విండోస్ ఇంటర్నెట్ టైమ్‌ను నమ్మదు, సర్వర్ సరైన టైమే ఇచ్చినా పక్కన పెట్టేస్తుంది. కాబట్టి తేదీ 2015కో 2009కో పోయిన మెషిన్‌లో ఎన్నిసార్లు 'సింక్ నౌ' నొక్కినా ఫలితం ఉండదు. 'సెట్ టైమ్ ఆటోమేటిక్‌లీ' ఆపి, 'చేంజ్' నొక్కి, తేదీ, టైమ్ ఫోన్ చూసి దగ్గరగా పెట్టండి. తర్వాత మీట తిరిగి ఆన్ చేసి సింక్ చెయ్యండి. చేత్తో టైమ్ పెట్టడం ఇక్కడ మాత్రం సరైన పనే, అయితే జోన్ సరిచూసుకున్నాకే.

రెండోది టైమ్ సర్వీస్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో 'సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ' అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. జాబితాలో 'విండోస్ టైమ్' మీద డబుల్ క్లిక్ చేసి, 'స్టార్టప్ టైప్' దగ్గర 'ఆటోమేటిక్' పెట్టి, 'స్టార్ట్' నొక్కండి. కంప్యూటర్ వేగం పెంచుతామని చెప్పే క్లీనర్ ప్రోగ్రాములు దీన్ని ఆపేస్తుంటాయి.

మూడోది నెట్‌వర్క్. ఇంటర్నెట్ టైమ్ ఎన్‌టీపీ అనే పద్ధతిలో, యూడీపీ 123 పోర్టు మీద వస్తుంది. కాలేజీ హాస్టళ్లలో, కొన్ని ఆఫీసుల్లో ఫైర్‌వాల్ ఆ పోర్టును మూసేస్తుంది. యూట్యూబ్ ఆడుతుంది, టైమ్ మాత్రం రాదు. తేల్చుకోవడం సులువే. ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి 'సింక్ నౌ' నొక్కండి. అక్కడ అయి, హాస్టల్ వైఫైలో కాకపోతే లోపం మీ కంప్యూటర్‌ది కాదు.

సర్వర్ మార్చి చూడటం చివరి ప్రయత్నం. రన్ పెట్టెలో 'టైమ్‌డేట్ డాట్ సీపీఎల్' అని కొట్టి, 'ఇంటర్నెట్ టైమ్' ట్యాబ్‌లోకి వెళ్లండి. మామూలుగా అక్కడ 'టైమ్ డాట్ విండోస్ డాట్ కామ్' ఉంటుంది. దాని బదులు మన దేశపు అధికారిక సమయాన్ని నిలబెట్టే న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సర్వర్ 'టైమ్ డాట్ ఎన్‌పీఎల్ఇండియా డాట్ ఓఆర్‌జీ' పెట్టుకోవచ్చు. నిక్ (ప్రభుత్వ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) వాళ్లవి 'సమయ్1 డాట్ నిక్ డాట్ ఇన్', 'సమయ్2 డాట్ నిక్ డాట్ ఇన్' అని రెండున్నాయి. కంపెనీలు, సర్వర్లు నడిపేవాళ్లకు ఇది ఇష్టాయిష్టాల విషయం కూడా కాదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ గడియారాలు ఎన్‌పీఎల్ లేదా నిక్ టైమ్‌తో, లేదంటే వాటి నుంచి టైమ్ తీసుకునే సర్వర్లతో సరిపోవాలి.

మీట బూడిదరంగులో ఉండి, పైన 'సమ్ సెట్టింగ్స్ ఆర్ మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని ఉంటే ఆగిపోండి. అది ఆఫీసు డొమైన్‌లో (ఆఫీసు సర్వర్ అదుపులో) ఉన్న మెషిన్, టైమ్ డొమైన్ సర్వర్ నుంచి వస్తుంది. సర్వర్‌కూ మెషిన్‌కూ 5 నిమిషాలకు మించి తేడా వస్తే లాగిన్ కూడా అవ్వదు. సిస్టమ్ అడ్మిన్‌కు చెప్పడమే మార్గం.

టైమ్ తప్పితే ఏమేం ఆగిపోతాయి

తేదీ తప్పిన కంప్యూటర్‌లో సగం వెబ్‌సైట్లు తెరుచుకోవు. 'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అనో, 'యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్' అనో వస్తుంది. ప్రతి సైట్ సర్టిఫికెట్‌కూ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. 2009లో ఉన్నాననుకునే కంప్యూటర్ ఈ ఏడాది సర్టిఫికెట్ చూసి, ఇది ఇంకా మొదలే కాలేదే అని ఆపేస్తుంది. నెట్ పోయిందని కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసేముందు గడియారం చూడండి. ఆ హెచ్చరిక మీద 'ప్రొసీడ్' నొక్కి బ్యాంకు సైట్‌లోకి వెళ్లడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు.

డిజిటల్ సంతకాల సంగతి ఇంకా సున్నితం. టైమ్‌స్టాంప్ సర్వర్ లేకుండా డీఎస్‌సీ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్) టోకెన్‌తో పీడీఎఫ్ మీద సంతకం పెడితే అందులో పడేది మీ కంప్యూటర్ గడియారం చూపిన టైమే. టెండరు కాగితం మీద గడువు దాటిన తేదీ పడితే దాన్ని తుడిచే దారి లేదు, తిరిగి సంతకం పెట్టాల్సిందే. సంతకానికి ముందు తేదీ చూసుకోవడం ఆడిటర్ ఆఫీసుల్లో, మీసేవా కేంద్రాల్లో అలవాటు కావాలి.

ఇక సెకన్ల విలువ తిరుపతి వాళ్లకు వేరే చెప్పాలా. టీటీడీ ₹300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఫలానా గంటకు విడుదల అని ప్రకటించినప్పుడు లెక్కలోకొచ్చేది టీటీడీ సర్వర్ గడియారం, మీది కాదు. తత్కాల్ రైలు టికెట్లూ అంతే, ఏసీకి 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు. మీ గడియారం రెండు నిమిషాలు వెనకుంటే మీరు కూర్చునేసరికి కోటా అయిపోయి ఉంటుంది. మీ గడియారం ముందుకు జరిపితే టికెట్లు ముందే తెరుచుకుంటాయన్నది వట్టి అపోహ, కొన్ని సైట్లలో లాగిన్ చెడగొట్టుకోవడమే మిగులుతుంది. బుకింగ్‌కు పది నిమిషాల ముందు ఒకసారి 'సింక్ నౌ' నొక్కితే చాలు.

మదర్‌బోర్డు సెల్ మార్చడం

రాత్రి స్విచ్‌బోర్డు దగ్గర కరెంటు ఆపేసి, పొద్దున ఆన్ చేస్తే గడియారం నిన్న రాత్రి టైమ్ దగ్గరే ఆగి ఉందా? సెల్ బలహీనపడింది. 'సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్' వచ్చి, 'ప్రెస్ ఎఫ్1' అని ఆగిపోయి, సంవత్సరం బోర్డు తయారైన కాలానికి పోయిందా? సెల్ పూర్తిగా అయిపోయింది.

మదర్‌బోర్డు మీద గడియారానికి ప్రత్యేకంగా ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. అందులో సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం. ఆ అంకెను పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి వస్తుంది, అదే సెకను. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ, కంప్యూటర్ షట్‌డౌన్ చేసి ఉన్నా, ఆ సర్క్యూట్ కరెంటు మీదే నడుస్తుంది. స్విచ్‌బోర్డు దగ్గర ఆపినప్పుడే సెల్ మీద భారం పడుతుంది. రోజూ మెయిన్ ఆపేసి తాళం వేసే షాపుల్లో సెల్ త్వరగా అయిపోవడానికి కారణం ఇదే. ఎప్పుడూ ప్లగ్‌లో ఉండే కంప్యూటర్‌లో సెల్ చచ్చిపోయినా నెలల తరబడి తెలియదు, పెద్ద కరెంటు కోత వచ్చిన రోజున బయటపడుతుంది.

ఆ స్ఫటికం 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా తయారవుతుంది. వేడెక్కినా, చల్లబడినా కాస్త మెల్లగిస్తుంది. మే నెలలో ఏసీ లేని గదిలో క్యాబినెట్ లోపల 45 డిగ్రీలుంటే వేడి వల్లే రోజుకు ఒక సెకను పైచిలుకు వెనకబడుతుంది. ఇంటర్నెట్‌కు కలపని మెషిన్‌లలో వేసవిలో నెలకు అర నిమిషం పోవడం లోపం కాదు.

కావాల్సిన సెల్ పేరు సీఆర్2032. ఆ అంకెల్లోనే కొలత ఉంది: అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు, 3 వోల్టులు. కొట్లో అది లేదని సీఆర్2025 ఇస్తే తీసుకోవద్దు. దాని మందం 2.5 మిల్లీమీటర్లే, గూట్లో వదులుగా కూర్చుని కాంటాక్ట్ పోతుంది. వంద రూపాయల లోపు వస్తువే గానీ ఏళ్లుగా షెల్ఫ్‌లో ఉన్నది అంటగట్టే అవకాశముంది. మల్టీమీటర్ ఉంటే పెట్టి చూడండి. కొత్తది 3 వోల్టుల పైన చూపాలి. 2.7 కంటే దిగితే పనికిరాదు.

సెల్ తీసే ముందు రెండు పనులున్నాయి. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల మెనూ, దాని కీలు కింద ఉన్నాయి) వెళ్లి అన్ని పేజీలకూ ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి, ముఖ్యంగా బూట్ వరస, సాటా మోడ్ (హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి). సెల్ తీస్తే ఆ సెట్టింగులు మొదటికి పోవచ్చు. సాటా మోడ్ మారిపోతే విండోస్ ఎక్కదు, హార్డ్‌డిస్క్ పోయిందని హడలిపోతారు. రెండోది బిట్‌లాకర్, అంటే విండోస్ డ్రైవ్‌కు వేసే తాళం. డ్రైవ్‌కు తాళం గుర్తు కనిపిస్తే 48 అంకెల రికవరీ కీని మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి చూసి రాసిపెట్టుకోండి. బయోస్ సెట్టింగులు మారితే అది అడిగే అవకాశం ఎక్కువ.

షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకేయండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ముందువైపు నుంచి చూస్తే సాధారణంగా ఎడమ పక్క పలక తియ్యాలి, వెనక రెండు స్క్రూలు. లోపల చెయ్యి పెట్టేముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని, రంగు లేని చోట, ఒకసారి తాకండి. సెల్ వెండి బిళ్లలా కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు కింద దాక్కుని ఉంటే ముందు ఆ కార్డు తియ్యాలి. గూటి పక్కన చిన్న కొక్కెం ఉంటుంది. దాన్ని గోటితో సెల్‌కు దూరంగా నెడితే సెల్ ఒక పక్క టక్కున పైకి లేస్తుంది. రాకపోతే స్క్రూడ్రైవర్ కింద దూర్చి ఎత్తకండి. జారితే బోర్డు మీద గీత పడుతుంది, వంద రూపాయల పని వేలల్లోకి పోతుంది. కొత్త సెల్‌ను అంచులు పట్టుకుని, రాత, ప్లస్ గుర్తు పైకి ఉండేలా, ముందు కొక్కెం లేని వైపు దూర్చి, తర్వాత రెండో వైపు నొక్కండి. టిక్కుమని కూర్చోవాలి.

తీసేసిన సెల్‌కు రెండు వైపులా టేపు అంటించి పిల్లలకు అందని చోట పెట్టండి. బిళ్ల సెల్ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవడం మొదలవుతుంది. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి.

కంప్యూటర్ ఆన్ చేస్తూనే బయోస్ కీ కొడుతూ ఉండండి: డెల్, ఏసర్‌లకు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవోలో ఎఫ్1 లేదా ఎఫ్2, గిగాబైట్, ఎంఎస్ఐ బోర్డులకు డిలీట్, ఆసుస్‌కు డిలీట్ లేదా ఎఫ్2. బయోస్‌లో తేదీ చాలావరకు నెల ముందు, రోజు తర్వాత ఉంటుంది. ఏప్రిల్ 5ను 05/04 అని పెడితే మే 4 అవుతుంది. బయోస్‌కు జోన్ తెలియదు, ఒక్క విండోస్ ఉన్న మెషిన్ అయితే మన టైమే పెట్టండి. ఫొటోలు చూసి మిగతావి సరిచేసి, ఎఫ్10 కొట్టి సేవ్ చేసి బయటికి రండి. ఆ రాత్రి ప్లగ్ పూర్తిగా పీకి ఉంచి, పొద్దున టైమ్ నిలిచిందేమో చూడండి. నిలవకపోతే కొన్నది పాత సరుకు, లేదా గూటి కాంటాక్ట్ వదులు.

ల్యాప్‌టాప్‌లలో ఈ సెల్ ప్లాస్టిక్ చుట్టి, వైరుతో ఉంటుంది. కొన్నిట్లో అసలే ఉండదు, పెద్ద బ్యాటరీయే గడియారాన్నీ పోషిస్తుంది. అలాంటి ల్యాప్‌టాప్‌ను నెలల తరబడి బీరువాలో పెడితే టైమ్ పోతుంది. ఛార్జింగ్ పెట్టి, తేదీ సరిచేస్తే చాలు.

విండోస్, లినక్స్ రెండూ ఉంటే

బోర్డు మీది గడియారంలో ఉన్నది మన టైమ్ అని విండోస్ అనుకుంటుంది, యూటీసీ అని లినక్స్ అనుకుంటుంది. లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే ఐదున్నర గంటలు వెనక, విండోస్ వాడి లినక్స్‌లోకి వెళితే ఐదున్నర గంటలు ముందు. ఎవరో ఒకరు తగ్గాలి. లినక్స్ టెర్మినల్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్' ఆజ్ఞకు 'సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' చేర్చి కొడితే లినక్స్ తగ్గుతుంది, ఇదే సులువు. శుభ్రమైన పద్ధతి మాత్రం విండోస్‌ను యూటీసీకి మార్చడమే. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) 'కరెంట్ కంట్రోల్ సెట్', 'కంట్రోల్', 'టైమ్ జోన్ ఇన్ఫర్మేషన్' వరకు వెళ్లి, 'రియల్ టైమ్ ఈజ్ యూనివర్సల్' అనే పేరుతో, ఇంగ్లిష్‌లో మధ్యలో ఖాళీ లేకుండా, డీవర్డ్ సృష్టించి విలువ 1 ఇవ్వాలి. రెండూ చేశారో తేడా తిరగబడి మళ్లీ వస్తుంది. ఒక్కటే చెయ్యండి.

ఉబుంటులో జోన్ సెట్టింగ్స్‌లో 'డేట్ అండ్ టైమ్' దగ్గర ఉంటుంది, కొత్త వెర్షన్లలో అది 'సిస్టమ్' లోపలికి చేరింది. ఊరి పేరు అడిగితే కోల్‌కతా. ఊరికే 'టైమ్‌డేట్‌సీటీఎల్' అని కొడితే జోన్, సింక్ రెండూ ఒకేసారి కనిపిస్తాయి. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, 'జనరల్', 'డేట్ అండ్ టైమ్'.

డీవీఆర్, పంచాంగం సాఫ్ట్‌వేర్

లాడ్జీల్లో, షాపుల్లో సీసీటీవీ డీవీఆర్ కూడా కంప్యూటరే. దొంగతనం జరిగాక పోలీసులు ఫుటేజీ అడిగినప్పుడు రెండున్నర గంటల తేడా బయటపడితే ఏ కెమెరాలో ఎవరు ఎప్పుడు కనిపించారో లెక్కలు కట్టుకుంటూ కూర్చోవాలి. మెనూలో 'జనరల్' దగ్గర జోన్ జీఎంటీ+5:30 (యూటీసీ+5:30 అన్నా అదే) చేసి, డీఎస్‌టీ (డేలైట్ సేవింగ్) ఆపి, ఎన్‌టీపీ ఆన్ చెయ్యండి. టైమ్ వెనక్కి జరిపితే అదే టైమ్‌కు పాత రికార్డింగ్ ఒకటి ఉంటుంది కాబట్టి వెతికేటప్పుడు రెండూ కలిసిపోతాయి. అవసరమైన ఫుటేజీ ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ఆ తర్వాతే టైమ్ ముట్టుకోండి.

జాతకాలు, పంచాంగం వేసే ప్రోగ్రాముల్లో జోన్‌ను దశాంశంలో అడుగుతారు. అక్కడ 5.5 అని ఇవ్వాలి. 5.3 అని కొట్టేవాళ్లు చాలామంది. 5.3 గంటలంటే 5 గంటల 18 నిమిషాలు, మొత్తం లెక్క 12 నిమిషాలు తప్పుతుంది. లగ్నం సంధిలో ఉన్న జాతకానికి అది చిన్న తేడా కాదు. విచిత్రమేమిటంటే తిరుపతికి ఈ తప్పు త్వరగా కంటపడదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, తిరుపతి ఉన్నది 79.4 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం సగటున 12:12కి. ఆ 12 నిమిషాల స్థానిక సవరణ, ఈ 12 నిమిషాల తప్పు ఒకటేనని భ్రమపడి వదిలేస్తారు. స్థానిక సవరణ రేఖాంశం ఇస్తే సాఫ్ట్‌వేరే చేస్తుంది, జోన్‌లో కలపకూడదు.

పెద్దవాళ్ల జాతకాలకు ఇంకొక జాగ్రత్త ఉంది. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు యుద్ధం కారణంగా దేశమంతా గడియారాలు ఒక గంట ముందుకు జరిపారు, అంటే జోన్ +6:30. ఆ మూడేళ్లలో పుట్టినవాళ్ల జనన సమయం గడియారం చూసి రాసిందైతే జోన్ 6.5 ఇవ్వాలి. తేదీని బట్టి సాఫ్ట్‌వేరే ఆ గంట సర్దుతుంటే మాత్రం మీరు మళ్లీ సర్దకండి. 1943లోని ఒక తేదీ, 1953లో అదే తేదీ ఇచ్చి సూర్యోదయం చూడండి. 1943లో గంట ఆలస్యంగా చూపిస్తే సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలుసు.